పెనుకొండ సీమలో చెఱువు మన్ను

హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరము వఱకు సాగు త్రోవలో బాటసారి కన్నులకు ఎడతెగక కనబడునది రాయి. కొండలై లేచిన రాయి, చేల నడుమ గుండ్లై నిలిచిన రాయి, వంకల యడుగున గరుసై రాలిన రాయి. ఈ సీమ చరిత్రను వ్రాసినవారు తఱచుగా ఆ రాతిని కోటగాను, గుడిగాను మలచిన మనుష్యుల కథయే చెప్పిరి. 1565లో రక్కసితంగడి యుద్ధమునకు పిమ్మట విజయనగర రాజ్యలక్ష్మి పెనుకొండను ఆశ్రయించిన వృత్తాంతమును, అచ్యుతరాయల కాలమున లేపాక్షిలో విరుపణ్ణ వెలయించిన వీరభద్రాలయ వైభవమును ఇచ్చటి బాలురు సైతము చెప్పగలరు. కాని ఆ రాతిని యుగయుగములుగా కొఱికి, కరగించి, మన్నుగా మార్చి, ఆ మన్నులో రాగిపైరు నిలువునట్లు చేసిన కంటి కగపడని జీవరాశికి ఏ శాసనమును లేదు, ఏ ప్రశస్తియు లేదు. ఆ జీవరాశి చేసిన పనిని ఈ సీమ రైతు దాని పేరు తెలియకయే గుర్తించెననియు, వేసవిలో చెఱువు మన్నును చేనికి తోలుకొను ప్రాచీనాచారము ఆ గుర్తింపునకు నిదర్శనమనియు నా నమ్మకము.

ఇచ్చటి శిల ముఖ్యముగా గ్రానైటు, దాని దాయాదియైన నైసు. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు గణించిరి. ఒక ముక్కను పగులగొట్టి ఎండలో త్రిప్పి చూచినచో తెల్లని పలుగు, లేత గులాబి వన్నె ఫెల్‌స్పారు, నల్లగా తళుక్కుమను అభ్రకపు రేకులు వేఱువేఱుగా గోచరించును. ఈ మూడింటి నిర్మాణమునకును ఆధారమైన మూలకము సిలికాను. 1824లో స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ దీనిని వేఱుపఱచెను. భూమి పైపెంకు బరువులో ఇది నూటికి 28 పాళ్లు ఉండును. ప్రాణవాయువు ఒక్కటే దీనిని మించినది. ఇంత విస్తారముగ నున్నను, రాతిలో బందీయై యున్నంతకాలము ఇది మొక్కకు అందరాని సొత్తు. నీటిలో కరగి సిలిసిక్ ఆమ్లముగా మారినపుడే వేరు దానిని పీల్చుకొనగలదు. వానచినుకు ఒంటరిగా చేయవలసివచ్చినచో ఈ పని మిక్కిలి మందగతిని సాగును. దానిని త్వరపఱచునవి నేలలోని బాక్టీరియములు, శిలీంధ్రములు, వానితో పొత్తు గలిపిన వేళ్లు.

పెనుకొండ కోటగుట్టను ఎక్కువారు మెట్ల ప్రక్కనున్న గుండ్లను నిదానించి చూడవలెను. వానిపై బూడిదవన్నెవి, పసుపువన్నెవి, పొక్కులవంటి పొరలు అంటుకొని యుండును. ఇవి లైకెనులు, శిలీంధ్రమును ఆకుపచ్చని నాచును కలసి కాపురముండు జీవులు. మన గృహిణులు మసాలాలో వేయు రాతిపువ్వు ఈ జాతిలోనిదే. పొక్కు అంచును గోటితో గీచినచో పొరతోపాటు ఆవగింజకన్న చిన్నవగు రాతిపలుకులు ఊడివచ్చును. క్రింది రాయి మెత్తబడి పొడిపొడిగా నుండును. లైకెను విడుచు ఆక్సాలిక్ ఆమ్లము ఫెల్‌స్పారులోని లోహములను పట్టి లాగుటచేత శిల కట్టు సడలి, సిలికా నీటికి అందుబాటులోనికి వచ్చుచున్నది. నేలలోపలను ఇదే వ్యాపారము మఱింత విస్తృతముగా సాగుచుండును. కోట్లకొలది సూక్ష్మజీవులు శ్వాసించి విడుచు బొగ్గుపులుసు గాలి మట్టిరంధ్రములలో నిండి, బయటి గాలిలోకన్న అనేక రెట్లు అధికమై, నీటితో కలసి మందమైన ఆమ్లమగును. సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లములు దానికి తోడగును. 1997లో ఐరోపా శాస్త్రజ్ఞులు కొందఱు దేవదారుజాతి అడవుల నేలలోని ఫెల్‌స్పారు రేణువులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వేళ్లనంటి బ్రతుకు శిలీంధ్రపు తంతువులు రాతిలో మైక్రోమీటర్ల వెడల్పు గల సొరంగములు త్రవ్వినట్లు కనుగొనిరి. రాతిని తొలుచు శిలీంధ్రములని వానికి ప్రఖ్యాతి వచ్చినది. పెనుకొండ తుమ్మకును రేగుకును ఆ దేవదారులకును ఎంత దూరమో నేనెఱుగుదును. వేరును శిలీంధ్రమును కలసి శిలనుండి పోషకములు రాబట్టుకొను న్యాయము మాత్రము రెండు చోట్లను చెల్లును.

ఇట్లు కొండపై పుట్టిన మెత్తని మన్ను కొండపై నిలువదు. ఈ సీమ వర్షపాతము అత్యల్పము. అయినను కురిసిన నాలుగు వానలును ముంగారులోనో హింగారులోనో ఒక్క పెట్టున కురిసి, ఎఱ్ఱని నీరై వంకలలో పడి పరుగులిడును. ఆ పరుగు నాపుటకే మన పూర్వులు చెఱువులు కట్టిరి. నీటికొఱకు ఈ సీమ పడిన ఆరాటమునకు 1388 నాటి శాసనమొకటి సాక్షి. హరిహరరాయల కుమారుడగు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి, ప్రజలు సుఖముగా నుండుటకు నీరే ఆధారమని తలచి, నిండు కొలువులో జలసూత్ర విద్యానిపుణుడైన సింగయభట్టును పిలిచి, పెన్నను, శాసనభాషలో హెన్నెను, పెనుకొండకు తీసికొనిరమ్మని ఆజ్ఞాపించెను. సింగయభట్టు సిరువేర చెఱువు వఱకు కాలువ నడిపి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువయని పేరిడెను. ఆ శాసనము హిందూపురమునకు ఎగువన, పెన్న మనసీమలోనికి రాకముందు పాఱు గౌరీబిదనూరు ప్రాంతమున దొరకినది. రాజుల దండయాత్రలు చెప్పు వేయి శాసనములకన్న, ఒక నీటిపని వాని పేరును రాజు పేరుతో సమానముగా నిలిపిన ఈ యొక్క శాసనము నాకు ప్రియతరము.

ఆ కాలమునాటి వారికి మట్టి గుణము తెలియదనుకొనుట పొరపాటు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయిమంది కూలీలను, నూఱు బండ్లను నియమించి రెండేండ్లలో ఆ చెఱువును కట్టించెను. ఆ శాసనము మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆఱు దోషములను వరుసగా పేర్కొన్నది. చవుటినేల ఆ దోషములలో నొకటి. ధర్మవరము చెఱువు చిత్రావతి నీటిని పట్టు పెద్ద చెఱువు. క్రియాశక్తి ఒడెయరు దానిని కట్టించి తన తల్లి ధర్మాంబ పేర ఊరిని నిలిపెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి. దానికి ఎగువన అదే నదిపై బుక్కపట్టణము చెఱువు కలదు. అనంతపురము దగ్గఱి బుక్కరాయసముద్రపు కట్ట తెగిన వేళ ప్రాణమర్పించిన ముసలమ్మ అను కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో కావ్యముగా వ్రాసిరి. కట్ట నిలువవలెనని కోడలిని బలిగా తలచుకొన్న సీమకు చెఱువు ఎంతటి ప్రాణాధారమో ఊహింపవచ్చును.

చెఱువులో నిలిచిన నీటిలో మఱియొక సూక్ష్మలోకము పనికి పూనుకొనును. కొండవాలులనుండి కరగివచ్చిన సిలిసిక్ ఆమ్లమును డయాటములను ఏకకణ జీవులు పీల్చి, తమ మేనికి గాజుపెట్టెలవంటి చిప్పలను కట్టుకొనును. కంటికి ఇవి కట్టరాళ్లమీది గోధుమవన్నె జిగురుగా మాత్రమే తోచును; సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటి జాలరపు చెక్కడము గల గాజుబరిణెవలె మెఱయును. డయాటము చచ్చినపుడు దాని చిప్ప అడుగునకు దిగి ఒండ్రుతో కలియును. ఆ చిప్పకు పైన పలుచని సేంద్రియపు పూత యుండును. పూత ఉన్నంతసేపు చిప్ప సులభముగా కరగదు. సముద్రపు డయాటముల విషయమున బాక్టీరియములు ఆ పూతను తినివేయుటచేతనే చిప్పలు త్వరగా కరగుచున్నవని 1999లో బిడిల్, ఆజమ్ అను శాస్త్రజ్ఞు లిద్దఱు నిరూపించిరి. రాతినుండి సిలికానును విడిపించుటలో ఒక సూక్ష్మజీవి, దానిని మరల గాజుగా కట్టుటలో ఒకటి, ఆ గాజును మరల కరగించుటలో ఒకటి, ఈ విధముగా చక్రము తిరుగుచుండును.

ఏప్రిలు, మే నెలలకు చెఱువు ఎండును. అడుగున నల్లని ఒండ్రు పగిలి, అరచేతి మందమున పెళ్లలుగా లేచును. ఆ పెళ్లను విఱిచినచో లోపల నెఱ్ఱెలు, కుళ్లిన తుంగవేళ్లు, నత్తగుల్లల ముక్కలు, జిగటగా వ్రేళ్ల కంటుకొను బంకమన్ను కనబడును. పూర్వము రైతులు బండ్లు కట్టుకొని, తట్టలతో నింపి, ఈ మన్నును ఎఱ్ఱ గరుసు చేలకు తోలుకొనెడివారు. కుప్పలు కుప్పలుగా పోసి, ముంగారు వాన పడకముందే పాఱతో చల్లెడివారు. దిబ్బ ఎరువును, గొఱ్ఱెల మంద నిలిపిన చేని సారమును దీనికి జోడించెడివారు. చేనిలోనుండి వానకు కొట్టుకొనిపోయిన మన్నే చెఱువు చేరుననియు, దానిని తిరిగి తెచ్చుకొనుట తమ సొమ్మును తాము తెచ్చుకొనుటయే యనియు వారి భావము. పటానుచెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు మెదకు ప్రాంతపు చెఱువుల పూడికను పరీక్షించి, అందు నత్రజని, భాస్వరము, సేంద్రియ కర్బనముతోపాటు సజీవమైన సూక్ష్మజీవరాశియు సమృద్ధిగా నున్నట్లు తేల్చిరి. చెఱువు మన్ను తోలిన చేను వాన వెనుకపట్టినను తేమను నాలుగు నాళ్లు ఎక్కువ పట్టి ఉంచునని రైతు ఎప్పుడో చెప్పిన మాట.

ఈ ఆచారము గాలిలో నిలువలేదు. దాని వెనుక కట్టుదిట్టములు ఉండెను. చెఱువు కట్టించిన వారికిని, దానిని బాగుచేయించుచు వచ్చిన వారికిని దత్తమండలములలో దశబంధము ఇనాములు ఉండెడివి. అనగా చెఱువు క్రింద సాగగు భూమిలో కొంత భాగము వారి కనుభవము. తూము తీసి మూయుటకు నీరుగంటి యుండెను. కట్టకు గండి పడినపుడు ఊరంతయు కదలవలయుననునది అలిఖిత ధర్మము. ఆ ధర్మమును 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టముగా వ్రాసికొనవలసి వచ్చుటయే అది అప్పటికి సడలిపోవుచున్న దనుటకు సూచన. అంతకు అర్ధశతాబ్దికి ముందు, 1800 నుండి 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నున్న థామస్ మన్రో, చెఱువునకు అనువైన తావులన్నిటిని ఈ ప్రజలు ఎన్నడో ఉపయోగించుకొని యున్నారనియు, క్రొత్త చెఱువు కట్టు యత్నము ప్రయోజనకారి కాదనియు అభిప్రాయపడెను. పూడిపోయిన చెఱువులను బాగుచేయుటయు ఆయనకు దుష్కరముగానే తోచినది. ఆ పూడికయే చేలకు ఎరువని ఎఱిగిన రైతు చేతిలో నున్నంతకాలము చెఱువు పూడుట కొంతవఱకైనను అదుపులో నుండెను. ఎరువు కొఱకు మన్ను తీయుటయే చెఱువు మరమ్మత్తు. చెఱువు లోతుచేయుటయే చేనికి బలము. రెండు పనులను ఒక్క బండి చేసిన ఆ వ్యవస్థలోని తెలివిని మన్రోవంటి సూక్ష్మబుద్ధి కూడ సంపూర్ణముగా గ్రహింపలేదని తోచుచున్నది.

సిలికాను చేనికి చేరిన పిదప ఏమగుచున్నది? గడ్డిజాతి పైరులు దానిని విశేషముగా పీల్చును. రాగి, కొఱ్ఱ, సజ్జ, వరి ఇవన్నియు గడ్డిజాతివే. పీల్చిన సిలిసిక్ ఆమ్లము ఆకులలో, కాడలలో, పొట్టులో గట్టిపడి గాజు రేణువులగును; శాస్త్రజ్ఞులు వీనికి ఫైటోలిత్తులని పేరిడిరి. వరి ఊకను కాల్చినచో ఇంచుమించు అయిదవ వంతు బూడిద మిగులును; ఆ బూడిదలో నూటికి 90 పాళ్ల ప్రాంతము సిలికాయే. కోత కోయువాని కొడవలి త్వరగా మొద్దుబారుటకు, బోద కప్పిన కొట్టము ఏండ్లతరబడి చివుకక నిలుచుటకు ఈ గాజు రేణువులు కారణములలో ముఖ్యమైనవి. పైరు పడిపోక నిలుచుటకును, తెగుళ్లను తట్టుకొనుటకును సిలికాను సాయపడునని గ్రహించి జపాను దేశము 1955లోనే వరిపొలములకు సిలికేటును ఎరువుగా అంగీకరించినది. 2002లో కాన్లీ అను శాస్త్రజ్ఞుడు వేసిన అంచనా ప్రకారము భూమిపై మొక్కలు ఏటేట తమలో పొందుపఱచుకొను సిలికాను 170 కోట్ల టన్నుల మొదలు 560 కోట్ల టన్నుల వఱకు ఉండవచ్చును.

వామిలోని గడ్డిని పశువు తినును. గాజు రేణువులు జీర్ణము గాక పేడలో వెలువడును. ఇందుకు ఈ సీమలోనే మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము కలదు. దక్షిణాపథమున బళ్లారి, అనంతపురము, పాలమూరు ప్రాంతములలో అక్కడక్కడ బూడిదదిబ్బలు కలవు. వానిని రక్కసుల శవములు కాలిన చోటులని పరిసర ప్రజలు చెప్పుకొనిరి. హంపి దగ్గఱి నింబాపురము దిబ్బ వాలి చితాభస్మమని ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దిలో న్యూబోల్డు, పిమ్మట రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీనిని గూర్చి వ్రాసిరి. 1957లో పురాతత్త్వజ్ఞుడు ఆల్చిన్ పాలమూరు జిల్లా ఉట్నూరు దిబ్బను త్రవ్వి, అది నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్డియని నిరూపించెను. కల్యాణదుర్గ ప్రాంతపు పాలవాయి దిబ్బను వి. రామిరెడ్డిగారు త్రవ్వించిరి. తరతరములుగా పోగుపడిన పేడను ఆ ప్రజలు ఉద్దేశపూర్వకముగా తగులబెట్టగా, ఆ వేడికి పేడలోని సిలికా కరగి, గాజువంటి చిట్టెముగా గడ్డకట్టినది. 1960లో జ్యూనర్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో పరీక్షించి, అది పేడ కాలిన బూడిదయే యని తేల్చిచెప్పెను. ఆ చిట్టెపు ముక్కను చేత పట్టుకొని చూచినచో తేలికగా, బుడగలు బుడగలుగా, అంచులలో పచ్చని గాజు మెఱపుతో కనబడును. నాలుగువేల యేండ్లనాటి గడ్డిపోచలు కొండరాతినుండి పీల్చిన సిలికాను ఆ ముక్కలో నేటికిని నిలిచియున్నది.

అడవిలో ఈ చక్రము మఱింత లోపలిదారిన సాగును. చెట్టు పీల్చిన సిలికాను ఆకులతో రాలి, నేలపై కుళ్లి, మరల వేరు చేరును. ఆకును కుళ్లించు శిలీంధ్రములును బాక్టీరియములును లేనిచో ఫైటోలిత్తులు ఆకుపొరలోనే చిక్కుకొని యుండును. దీనికి తోడు, రాలిన ఆకుల తడిలో నివసించు గుల్ల అమీబాలు నేలనీటిలోని సిలికాతో తమ గుల్లలకు పెంకులు పేర్చుకొనును. జర్మను దేశపు బీచి చెట్ల అడవులలో పరిశోధించినవారు ఈ అమీబాలు ఏటేట గుల్లలుగా కట్టు సిలికాను చెట్లు పీల్చు దానితో పోల్చదగినంత యున్నదని చూపిరి. అడవి నేలలో ఇంతటి వ్యవసాయము అమీబా చేయునని ఎవ్వరూహించిరి?

పీటు నేలలు మన సీమలో లేవు. శీతలదేశములలో, మన కందుబాటులోనైతే నీలగిరుల పైతట్టు బురదలలో, నీరు నిలిచి ప్రాణవాయువు అందక ఆకులు పూర్తిగా కుళ్లక, వేలకొలది యేండ్లుగా నల్లగా పేరుకొనిన నేలకు పీటని పేరు. అచ్చట తుంగగడ్డి ఫైటోలిత్తులు, డయాటముల చిప్పలు, అమీబాల గుల్లలు పొరలుపొరలుగా దాచబడియుండును. ఇటీవల ఉత్తరధ్రువ ప్రాంతపు నేలలను, పీటును పరిశోధించినవారు ఒక విశేషమును గమనించిరి: సిలిసిక్ ఆమ్లము అధికమైనచో ఇనుపతుప్పుకు అంటుకొనియున్న భాస్వరము విడివడి మొక్కకును సూక్ష్మజీవికిని అందును, ఆ యుత్సాహముతో సూక్ష్మజీవులు కుళ్లించు పనిని వేగపఱచును. ఈ వార్త విన్నప్పుడు నా మనసు మన ఎఱ్ఱనేలమీదికే పోయినది. పెనుకొండ మట్టి ఎఱుపు ఇనుపతుప్పు వలననే. వేసిన భాస్వరమును ఆ తుప్పు పట్టుకొని విడువదను ఫిర్యాదు ఎఱ్ఱనేల రైతులందఱిది. చెఱువు ఒండ్రులోని సిలిసిక్ ఆమ్లము అచ్చట ఏమి చేయునో మన విశ్వవిద్యాలయములు మన చేలలోనే కొలిచి చెప్పవలెను.

ఆచారము ఏ విధముగా సడలినదో కొంత చెప్పవలసియున్నది. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చి కొండలు ప్రభుత్వ రక్షణలోనికి పోగా, ఆకు కోతకును మేతకును హద్దులేర్పడెను. ఇరువదవ శతాబ్దిలో వేరుసెనగ ఈ సీమను ఆక్రమించినది. అది గడ్డిజాతి గాదు, సిలికాను అంతగా పీల్చదు. కొఱ్ఱ, సజ్జ వెనుకకుపోగా, పశువు తగ్గగా, దిబ్బ తగ్గినది. సంచులలో ఎరువు వచ్చినది. బోరుబావి వచ్చి, చెఱువుతో రైతునకు గల అవసరము సన్నగిల్లినది. హిందూపురము చుట్టుపట్ల రాగి మాత్రము ఇంకను పట్టుదలతో నిలిచియున్నది. సంకటి తిను సీమ కావుటచేత అది నిలిచినదని నా యూహ. ఆ రుచికి మనము కృతజ్ఞులమై యుండవలెను.

2015లో ఆంధ్రప్రదేశమున నీరు–చెట్టు, తెలంగాణమున మిషన్ కాకతీయ అను పథకములతో చెఱువుల పూడికతీత మరల రాజకార్యమయ్యెను. మంచిదే. కాని యంత్రపు తొట్టి ఒక్క పట్టున లోతుగా దిగి, పైనున్న నల్లని ఒండ్రును, దాని క్రింది జిగట మన్నును, అడుగున నున్న గరుసును, కొన్ని చోట్ల చవుటిని కలగలిపి లారీలో పోయుచున్నది. పూర్వము బండి కట్టినవాడు పెళ్లను విఱిచి, వ్రేళ్ల నడుమ నలిపి, వాసన చూచి, పై పొర వఱకే గీచి తీసికొనెడివాడు. అడుగుమన్ను తగిలినంతనే పాఱ ఆపెడివాడు. పూడికతీత అంచనాలు వ్రాయు ఇంజనీర్లు ఈ పొరల భేదమును లెక్కలోనికి తీసికొని, పై ఒండ్రును వేఱుగా కుప్పవేయించి, దానిని మట్టి పరీక్షకు పంపి చేలకు ఇప్పించి, అడుగు గరుసును కట్టకును బాటలకును వినియోగింపవలెను. ధర్మవరము, బుక్కపట్టణము చెఱువులతోనే ఆ పని ఆరంభింపదగును.